అర మెట్టు దించిన గిటార్

సిరొంచలో ఇద్దరు కుర్రవాళ్లు కలిసి ఒక ఎలక్ట్రిక్ గిటార్ కొన్నారు. ఒక గిటార్‌ను ఇద్దరూ ఎలా వాయిస్తారో నేను అడగలేదు. ఆర్కెస్ట్రాలో చేరాలంటే ముందు ఏం నేర్చుకోవాలని వాళ్లే వచ్చి నన్ను అడిగారు. నోటితో చెప్పబోతే మధ్యలో అందుకుని, ఏ పాటలు బాగా నడుస్తాయో చెబితే చాలన్నారు. పాటల సంగతి ఎవరైనా చెబుతారు. పని సంగతి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఈ ఎనభైలలో చాలా భాగం నేను సిరొంచ నుంచి అల్లపల్లి దాకా పెళ్లిళ్లలో, జాతరలలో గిటార్ వాయించాను. ఇప్పుడు గడ్చిరోలిలో కరెంటు పని చేసుకుంటున్నాను. ముప్పై దాటగానే రిటైర్మెంటా అని నవ్వేవాళ్లు నవ్వవచ్చు. ఎండలో ఆంప్లిఫయర్ మోసి, స్పీకర్ పక్కనే నిలబడి, రోజుకో ఊరి నీళ్లు తాగిన భుజానికీ చెవికీ కడుపుకూ ఆ వయసు చిన్నదేమీ కాదు. మానేసినందుకు బాధ లేదు. చేసినందుకు అసలే లేదు.

పని అంటే ఏమిటి

మా దగ్గర రాక్ అండ్ రోల్ అన్న మాట ఎవరూ వాడలేదు. ‘ఉరుకుడు పాటలు’ అనేవారు. నేను ఆ పాటలు మొదట షార్ట్‌వేవ్ రేడియోలో విన్నాను. స్టేషన్ ఒక నిమిషం వినిపిస్తే మరో నిమిషం గరగరలాడేది. అందువల్ల ఏ పాటా నాకు పూర్తిగా వచ్చేది కాదు. మధ్యలో ఏం ఉంటుందో ఊహించి కలుపుకునేవాణ్ని. తరువాత ఒక టింబర్ కాంట్రాక్టర్ నాగపూర్ నుంచి తెచ్చిన క్యాసెట్లు విని చూస్తే, నేను కలిపిన ముక్కలు చాలావరకు తప్పు. కొన్ని మాత్రం అసలు కంటే బాగున్నాయని ఇప్పటికీ నా అభిప్రాయం.

నేను ఐటీఐలో రేడియో రిపేరు చదివాను. గిటార్ మామూలు చెక్క గిటారే. దానికి పికప్ నేనే చుట్టాను. పికప్ అంటే తీగల కింద పెట్టే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కంటే సన్నని రాగి తీగ. అయస్కాంతం పాడైన స్పీకర్‌లోది, రాగి తీగ కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌లోది. ఆంప్లిఫయర్ ఒక పాత వాల్వ్ రేడియో. ఇవన్నీ కలిపి మోగించినప్పుడు మా వీధిలో కుక్కలు మొరిగాయి. నాకు అది చాలా గొప్పగా అనిపించింది.

ఈ పనిలో వాయించడం కొంచెమే. మిగతాది మోయడం, వైరు పరచడం, కరెంటు ఎక్కడిదో కనుక్కోవడం, పెళ్లివారు భోజనానికి పిలిచేదాకా ఆగడం. ప్రాణహిత దాటి అవతలి ఒడ్డున పెళ్లి ఉంటే ఆంప్లిఫయర్‌ను పడవలో ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. పడవ అడుగున ఎప్పుడూ నీళ్లు ఉంటాయి. లోపలి గాజు వాల్వ్‌లు విప్పి గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకోండి. ఇది ఎవరూ చెప్పరు.

మేం నలుగురం

మా గుంపుకు పెద్ద ఖాదర్ మియా. అందరికీ మాస్టర్. ఆయన తాతల నాటి నుంచి సిరొంచలో బ్యాండు మేళం వాళ్లదే. ఆయన వాయించేది నల్లని పాత క్లారినెట్. కొడుకు సలీం డ్రమ్స్. పాడేవాడు మల్లేశ్. తెలుగు, హిందీ, మరాఠీ మూడింటిలోనూ పాడతాడు. మరాఠీ పాటలో మాట మరిచిపోతే తెలుగు మాట వేసి ముందుకు పోతాడు. ఎవరైనా పట్టుకుంటే, “మీ ఊర్ల గట్ల అనరా? మా ఊర్ల గట్లనే అంటరు” అనేవాడు.

మంచిర్యాల వైపు నుంచి ఆర్కెస్ట్రా పార్టీలు రావడం మొదలైనప్పుడు మాస్టర్ మేళానికి పిలుపులు తగ్గాయి. మేళంలో మిగతావాళ్లు వేరే పనులు చూసుకున్నారు. అప్పుడు ఆయనే మా ఇంటికి వచ్చాడు. నేను ఆంప్లిఫయర్ విప్పి కూర్చున్నాను.

“కరెంటు గిటార్ నీదేనా, ఇంజినీర్ సాబ్?”

నేను వట్టి సీనును, ఇంజినీర్ను కాదని చెప్పాను.

“నేను మాత్రం మాస్టర్‌నా? ఎవలు పాస్ చేసిన్రు నన్ను? అందరు అంటరు, నడుస్తది. రేపటికెల్లి రా.”

అప్పటి నుంచి నేను ఇంజినీర్ను. ఆయన అందరినీ ఎగతాళి చేసేవాడు. తనను చేస్తే మాత్రం మూడు రోజులు మాట్లాడడు. మీసానికి రంగు వేసేవాడు, అది తెలిసినట్టు ఎవరూ మొహం పెట్టకూడదు. పై అధికారుల గురించి చాలామంది రాస్తుంటారు. నాకు దొరికిన పై అధికారి ఈయన. మంచివాడా అంటే మంచివాడే. తేలికైనవాడు కాదు.

మొదట ఎర్త్, తరువాత పాట

అహేరిలో ఒక పెళ్లి. మైక్ సెట్టు వాళ్లది, గిటార్ ఆంప్లిఫయర్ నాది. రెండింటికీ కరెంటు వేర్వేరు చోట్ల నుంచి వచ్చింది. పాట మంచి ఊపులో ఉండగా మల్లేశ్ మైక్‌కు పెదవులు ఆనించి, దోస్తీ చూపిస్తున్నట్టు చెయ్యి చాచి నా గిటార్ తీగల మీద వేశాడు. వెంటనే ఆ పాటలో లేని స్వరం ఒకటి తీసి వెనక్కి పడ్డాడు. జనం వన్స్ మోర్ అన్నారు.

“ఏమైందిరా?” అన్నాడు మాస్టర్.

“మూతి గుంజుకపోయింది మాస్టర్. గీ సీనుగాని పక్కన నేను నిలవడ.”

“మంచిగనే పాడినవ్ గద. ఇన్నేండ్లల్ల గంత పైకి ఎన్నడు పోలే నువ్వు.”

తప్పు నా రేడియోది. పాత రేడియోలలో ప్లగ్గు ఒకవైపు పెడితే ఏమీ ఉండదు, తిప్పి పెడితే లోపలి రేకుకు కరెంటు వస్తుంది. ఆ రేకుకే నా తీగల వైరు కలిసి ఉంది. నేను రబ్బరు చెప్పుల మీద ఉన్నాను కాబట్టి నాకు తెలియలేదు. ఆ తరువాత మధ్యలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాను. ఎక్కడికి వెళ్లినా ఇనుప కడ్డీ నేలలో దిగ్గొట్టి, ఉప్పు నీళ్లు పోసి, రెండు ఆంప్లిఫయర్లకూ ఒకే ఎర్త్ ఇచ్చేవాణ్ని. ఒడ్డు దగ్గర ఇసుకలో కడ్డీ ఎంత దించినా లాభం తక్కువ. మట్టి నేల వెతకండి. పెళ్లివారు తొందరపెడతారు. పెట్టనివ్వండి. పాట ఆలస్యమైందని ఎవరూ చావరు.

రెండు పెండ్లిళ్లు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆర్కెస్ట్రాగా మారిన తరువాత మాకు పిలుపులు పెరిగాయి. కానీ క్లారినెట్ నప్పలేదు. ఎవరినీ నొప్పించకుండా చెప్పాలంటే ఇలాగే చెప్పాలి. నిజానికి వినడానికి చాలా బాధగా ఉండేది.

మే నెలలో అంకీసలో మధ్యాహ్నం పెళ్లి. పొద్దున మాస్టర్ ఇంట్లో, చల్లని గదిలో, హార్మోనియం పెట్టుకుని అందరం శ్రుతి కలిపాం. నేను ప్రతి తీగనూ ఓపిగ్గా సరిచేశాను. తరువాత జీపులో వెళ్లి, ఊరేగింపులో ఎండలో నడిచి, రేకుల కింద వేదిక ఎక్కాం. మొదటి పాటలోనే పెళ్లికొడుకు మేనమామ లేచాడు.

“మాస్టర్, మీరిద్దరు ఒక్క పెండ్లికే వచ్చిన్రా, ఎవల పెండ్లి వాళ్లకు వాయిస్తున్రా?”

పందిరంతా నవ్వింది. మాస్టర్ క్లారినెట్ ఒళ్లో పెట్టుకుని నన్ను చూపించాడు. “గా తీగల డబ్బనడుగు. నా వాయిద్యం మా అబ్బాజాన్ కాలం నుంచెల్లి గిదే పాట పాడుతున్నది.”

నేనూ ఊరుకోలేదు. గిటార్ హార్మోనియానికి సరిగ్గా కలిపానని, కావాలంటే చూసుకొమ్మని అన్నాను. ఇద్దరం నిజమే చెప్పాం, అదే చిక్కు. వేడికి క్లారినెట్ శ్రుతి పైకి పోతుంది. వేడికి ఉక్కు తీగ సాగి శ్రుతి కిందికి దిగుతుంది. పొద్దున ఒక చోట ఉన్న ఇద్దరం మధ్యాహ్నానికి ఎదురెదురు దిక్కులకు నడిచాం. నాగపూర్‌లోనో హైదరాబాద్‌లోనో పంకాల కింద వాయించేవాళ్లకు ఈ తప్పు చేసే అవకాశమే రాదు. మా వేసవిలో, ఇంట్లో శ్రుతి చేసుకుని పెళ్లికి పోయేవాళ్లమే ఇది చేయగలం.

దీనికి మందు చిన్నదే. వేదిక ఎక్కిన తరువాత, క్లారినెట్ వేడెక్కిన తరువాత, దాన్ని విని గిటార్ కలుపుకోవడం. క్లారినెట్‌ను పెద్దగా దించలేం, తీగను ఎంతైనా తిప్పవచ్చు. కాబట్టి కదలవలసింది గిటారే. మరుసటి పెళ్లి నుంచి అలాగే చేశాను. నవ్వులు ఆగాయి. అయినా ఉరుకుడు పాట మొదలుకాగానే మాస్టర్ వెనకబడేవాడు. నేనూ సలీమూ ముందుకు పోతుంటే ఆయన పాటలో సగం స్వరాలు వదిలేసేవాడు. కొన్నిసార్లు క్లారినెట్ నోట్లో పెట్టుకుని ఊదకుండా కూర్చునేవాడు. దూరం నుంచి చూసేవాళ్లకు వాయిస్తున్నట్టే ఉండేది.

పెళ్లివారు కూడా అడగడం మొదలుపెట్టారు, ముగ్గురు వస్తే చాలదా అని. ఒకరోజు సలీం నన్ను బస్టాండ్ దగ్గర చాయ్ తాగుదామని తీసుకుపోయాడు.

“అన్నా, అబ్బాను ఇగ ఇంట్ల కూసోబెడ్దామంటున్న.”

“ఆయనతో అన్నవా?”

“నేనెట్లంట? నువ్వు జర చెప్పు. నీ మాట ఇంటడు.”

“నా మాట ఎన్నడు విన్నడు?”

“వినడు గని కొట్టడు గద నిన్ను.”

సలీం చెడ్డ కొడుకు కాదు. పెళ్లివారి ముందు తండ్రి నవ్వులపాలు కావడం అతనికి చూడటం కష్టంగా ఉంది. ఆర్కెస్ట్రా చామోర్షి, గడ్చిరోలి దాకా పోవాలన్న ఆశ కూడా ఉంది. రెండూ కలిసి ఒకే మాటగా బయటికి వచ్చాయి. మాస్టర్‌కు అప్పటికి వేరే పనేమీ రాదు. ఇంట్లో కూర్చోబెడితే ఆయన ఏమవుతాడో ఇద్దరికీ తెలుసు. కొన్నాళ్లు ఆగమని అతనికి చెప్పాను, చాయ్ తాగి వచ్చాం.

అల్లపల్లిలో కరెంటు పోయింది

ఇది చాలామంది చెప్పుకునే కథ, కాబట్టి చెప్పి తీరాలి. అల్లపల్లిలో ఒక పెళ్లి, పక్కనే సామిల్లు. అది టేకు దుంగ కోయడం మొదలుపెట్టగానే మా వోల్టేజి పడిపోయేది. గిటార్ గొంతు పట్టేసినట్టు అయ్యేది. చివరికి కరెంటే పోయింది. మాస్టర్ లేచి, పాత బ్యాండు రోజుల పాట అందుకుని, పందిరి మధ్యలోకి నడిచి వాయించాడు. సలీం డ్రమ్ముతో వెనక నడిచాడు. ఆడవాళ్లు వంట ఆపి వచ్చి విన్నారు.

“కరెంటు పోయినా మాస్టర్ పోలే” అని అప్పటి నుంచి అంటూ ఉంటారు. వినడానికి బాగుంటుంది. ఆ పెళ్లి చూసిన ఒక పెద్దమనిషే నెల తిరక్కుండా తన కొడుకు పెళ్లికి మమ్మల్ని పిలుస్తూ, “ఈసారి జనరేటర్ వెడ్తున్న, ముసలాయనకు తిప్పలెందుకు” అన్నాడు. ఆపదలో ఆదుకున్నవాణ్ని జనం మెచ్చుకుంటారు. ఆపద తీరిన తరువాత పనిలో ఉంచుకోవడం వేరే లెక్క. ఆ రోజు మేం ఒక పూట గడిపాం, అంతే. మాస్టర్ ఇబ్బంది ఎక్కడిదక్కడే ఉంది.

వేళ్లు చూడటం

రేడియో రిపేరులో మొదట నేర్పేది, పెట్టె మోగకపోతే కేకలు వేయకుండా లోపల ఎక్కడ ఆగిందో చూడమని. ఒక మధ్యాహ్నం ప్రాక్టీసులో నేను వాయించడం మానేసి మాస్టర్ వేళ్లు చూశాను.

నెమ్మది పాటలో ఆ వేళ్లకు ఏ లోపమూ లేదు. తన పాత బ్యాండు పాటలు వేగంగా వాయించినా లేదు. నా పాటల్లోనే తడబడుతున్నాయి. అంటే వయసు కాదు, వేగం కాదు, నా పాటల్లో ఉన్నది ఇంకేదో.

గిటార్‌కు కొన్ని శ్రుతులు సుఖం. తీగను వట్టిగా వదిలేస్తేనే పలికే స్వరాలు కొన్ని ఉంటాయి, ఉరుకుడు పాటలన్నీ వాటి చుట్టూనే కడతారు. అవే శ్రుతులు క్లారినెట్‌కు నరకం. ప్రతి స్వరానికీ చిటికెన వేలు పక్క మీటల మీదికి పరిగెత్తాలి, వేళ్లు అడ్డదిడ్డంగా పడాలి. బ్యాండు వాళ్లు ఎన్నడూ ఆ శ్రుతుల్లో వాయించరు. మాస్టర్‌ను నేను రాళ్ల మీద పరిగెత్తమని చెప్పి, ఎందుకు పరిగెత్తడం లేదని అడుగుతున్నాను. ఆయన ఒక్కసారి కూడా ‘ఈ శ్రుతి నాకు కష్టం’ అనలేదు. అంటే చేతకాదన్నట్టు అవుతుందని కాబోలు.

మరుసటి ప్రాక్టీసుకు ముందు నేను ఆరు తీగలూ అర మెట్టు వదులు చేశాను. అర మెట్టు అంటే హార్మోనియం మీద పక్కపక్క మీటలకు ఉండే తేడా. నా వేళ్లు పడే చోటు మారదు. నేను పాత చోట్లే నొక్కుతాను. బయటికి వచ్చే శ్రుతి మాత్రం దిగి, క్లారినెట్‌కు అన్నిటికంటే తేలికైన చోటికి చేరుతుంది. ఎవరికీ చెప్పకుండా అదే ఉరుకుడు పాట మొదలుపెట్టాను.

మాస్టర్ మామూలుగానే జాగ్రత్తగా రెండు స్వరాలు ఊదాడు. ఆగాడు. నా గిటార్ వైపు చూశాడు. తరువాత నాతో సమానంగా వచ్చాడు, ఆ తరువాత నన్ను దాటిపోయాడు. సలీం ఆయన వెంట పరిగెత్తవలసి వచ్చింది. పాట అయ్యాక మల్లేశ్, “నా గొంతుకు సుత మస్తు హాయిగుందిరా, ఏం జేసినవ్?” అన్నాడు.

“తీగలు జర వదులు చేసిన.”

మాస్టర్ క్లారినెట్ విప్పి లోపలి తడి తుడుచుకుంటూ, “ఇంతకుముందు జర ఎక్కువ గుంజి కట్టినవ్. నేను అప్పుడే అనుకున్న” అన్నాడు. ఆయన నోటి నుంచి థాంక్స్ అంటే అదే. అంతకంటే ఆశించకండి.

నాకు ఇది తేలికగా తోచలేదనీ రాయాలి. క్యాసెట్‌లో ఉన్న శ్రుతిలోనే, ఉన్నది ఉన్నట్టు వాయించగలగడం నాకు గొప్ప. సాయంత్రాలన్నీ దానికే పెట్టాను. ఇక నుంచి క్యాసెట్ పెట్టి కలిసి వాయిస్తే కలవదు. కొన్ని రోజులు వెలితిగానే ఉంది. తరువాత తెలిసింది, వదులైన తీగలు లావుగా మోగుతాయి, వేలితో పక్కకు లాగినప్పుడు బాగా ఏడుస్తాయి. పెళ్లికి వచ్చిన ఏ ఒక్కరూ క్యాసెట్ వెంట తెచ్చుకుని సరిచూడరు. మీ గుంపులో అందరికీ ఏది సుఖమో అదే మీ శ్రుతి. క్యాసెట్ వాళ్లు వాళ్ల గుంపు కోసం పెట్టుకున్నారు.

కాళ్లు గాలిలో ఉన్నాయి

అల్లపల్లికి అవతల అడవిలో ఒక గోండు ఊరు. పెళ్లికూతురి అన్న ఫారెస్టు పనిలో ఉండేవాడు, టౌన్లో మమ్మల్ని విని ముచ్చటపడి పిలిచాడు. జనరేటర్ కూడా తనే తెప్పించాడు. పొద్దు వంగుతుండగా మొదలుపెట్టాం. ఆడవాళ్లు నడుముల చుట్టూ చేతులు కలిపి వరుస కట్టి, కుడికి అడుగు వేస్తూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టారు. మా ఉరుకుడు పాటకు వాళ్ల అడుగు ఎంత బాగా కుదిరిందో చెప్పలేను. నాకు ఒళ్లు పొంగింది.

పాట అయిపోయింది. నేను కట్టుకున్న ముగింపు చాలా గట్టిది, నలుగురం ఒక్కసారి ఆగుతాం. టౌన్లో దానికే చప్పట్లు పడేవి. ఇక్కడ వరుస మొత్తం ఒకరి మీద ఒకరు తూలింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వరుస మధ్యలో ఉన్న పెద్దావిడ గోండీలో ఏదో అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కానీ ఆవిడ నవ్వలేదు.

“ఏమంటున్నది?” అని మల్లేశ్ పెళ్లికూతురి అన్నను అడిగాడు.

అతను కొంచెం సిగ్గుపడ్డాడు. “కాలు ఇంక గాలిలనే ఉండె, కింద నేల గుంజుకున్నరు అంటున్నది.”

రెండో పాటకూ అదే జరిగింది. మూడో పాటకు ఆడవాళ్లు లేవలేదు. పక్కన ఊరి డోలు వాళ్లు వాయిద్యాలు సర్దుకుంటున్నారు, మీరు కానివ్వండి తరువాత మేం చూసుకుంటాం అన్నట్టు. పెళ్లికూతురి అన్న ముఖం వాడిపోయింది. సలీం నా చెవిలో, “ఇంకో పాట చూద్దాం అన్నా, గా క్యాసెట్ల రెండో దిక్కుది” అన్నాడు. పాట మారిస్తే సరిపోతుందనుకున్నాం. ఆర్కెస్ట్రా వాళ్లందరూ చేసే పొరపాటే.

మాస్టర్ డోలు వాళ్ల దగ్గరికి వెళ్లి వాళ్లతో పాటు నేల మీద కూర్చున్నాడు. బీడీ ఇచ్చాడు. గోండీ, తెలుగు, చేతులు కలిపి ఏదో మాట్లాడి వచ్చాడు.

“ఇంజినీర్, నీ పాట మల్ల వెట్టు. గని నేను చెప్పేదాంక ఆపకు.”

“ఎట్ల చెప్తరు? వాయించుకుంట మాట్లాడలేరు గద.”

“క్లారినెట్ మూతి పైకి లేపితె ఊపు పెంచు. పక్కకు తిప్పితె పాట మార్చు, గని నడక ఆపకు. కిందికి దించితెనే బంద్. నన్ను చూడు, నీ వేళ్లను చూసుకోకు.”

“మీరెవల్ని చూస్తరు అబ్బా?” అన్నాడు సలీం.

“గా ముసలమ్మ కాళ్లను. నువ్వు సుత చూడు, గని నా అంత చూడకు.”

పెద్దావిడకు అనుమానమే. చాలాసేపటికి లేచింది. ఆవిడ లేస్తే మిగతావాళ్లూ లేచారు. ఆ తరువాత ఎంతసేపు వాయించామో చెప్పలేను. పాట అన్నది మొదలూ చివరా లేని ఒక బాటలా అయింది. నేను నేర్చుకున్న ముక్కలన్నీ, రేడియోలో వినిపించక నేను కల్పించినవి కూడా, ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. మాస్టర్ క్లారినెట్ పక్కకు తిరిగినప్పుడల్లా మారాం. మధ్యలో ఊరి డోలు వాళ్లు కూడా వచ్చి కలిశారు. వరుస ఒక చోట నెమ్మదించి, పెద్దావిడ పాదం నేలకు ఆనినప్పుడు క్లారినెట్ కిందికి దిగింది. నలుగురం ఆగాం. ఆడవాళ్లూ ఆగారు. ఎవరూ తూలలేదు.

ఆ రోజు నుంచి మా పాటలకు నిడివి లేదు. సైగ మాస్టర్‌ది, వాయించడం మాది. టౌన్లో పెళ్లిళ్లకూ అదే పద్ధతి పెట్టాం. ఉత్సాహంగా ఎగురుతున్న పెళ్లికొడుకు దోస్తులను మధ్యలో నిలబెట్టి పాట ముగించడం ఎంత తెలివితక్కువ పనో ఇన్నాళ్లూ మాకు తెలియలేదు. ఈ సంగీతం పుట్టిన చోట కూడా ఇలాగే వాయించి ఉంటారని నా ఊహ. క్యాసెట్‌లో పట్టేంతకే తరువాత ఎవరో కత్తిరించి ఉంటారు.

చామోర్షి పార్టీ

నేను మానేయడానికి కొన్ని నెలల ముందు చామోర్షి నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. మన సిరొంచ ఆయనే, అక్కడి మార్కెట్లో ధాన్యం కొంటూ స్థిరపడ్డాడు. కూతురి పెళ్లి. సలీం ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్న పిలుపు అది. ఆ పెళ్లిలో వినిపిస్తే గడ్చిరోలి దాకా దారి పడుతుంది. మాస్టర్ నమాజుకు పోయాడు. మేం ముగ్గురం వాళ్ల ఇంటి అరుగు మీద ఉన్నాం.

తారీఖు, జాగ అన్నీ కుదిరాయి. లేవబోతూ ఆయన అన్నాడు: “మీరు ముగ్గురే గద?”

“నలుగురం” అన్నాడు సలీం.

“గా పీక ఊదే ముసలాయన ఎందుకు తమ్మి? మా వియ్యంకులు ఆఫీసర్లు. బ్యాండు మేళం దెచ్చిండు అనుకుంటరు. ఆయన్ని ఆ దినం ఆరాం చెయ్యమను.”

మల్లేశ్ నన్ను చూశాడు. నేను సలీంను చూశాను. అతను చేతిలోని డ్రమ్ము పుల్లను తిప్పి అరుగు మీద పెట్టాడు.

“సేఠ్, పాట ఎక్కడ మారాల్నో ఆయన చెప్తేనే మాకు తెలుస్తది” అన్నాడు. “ఆయన లేకుంటె మేం ముగ్గురం మూడు తొవ్వల పోతం.”

“అరె, ఒక్క దినానికి సర్దుకోరాదు?”

“సర్దుకోం. మంచిర్యాల పార్టీని అడుగుర్రి. వాళ్లు సుత మంచిగనే కొడ్తరు.”

వ్యాపారికి కోపం రాలేదు, ఆశ్చర్యపడ్డాడు. మల్లేశ్‌ను, నన్ను ఒకసారి చూసి, మేం కూడా తల అడ్డంగా ఊపేసరికి గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. సందు మలుపులో మాస్టర్ ఎదురైనట్టున్నాడు. వస్తూనే అడిగాడు.

“ఎవలాయన? చెప్పులు చూస్తె పెద్దమనిషి లెక్కున్నడు.”

“చామోర్షి పార్టీ అబ్బా.”

“మరి?”

“తారీఖు కుదరలే.”

“ఏం తారీఖట?”

సలీం చెప్పాడు. మాస్టర్ టోపీ తీసి మేకుకు తగిలించి, వేళ్ల మీద లెక్క చూసుకున్నాడు. “ఆ దినం ఖాళీగనే ఉన్నం గద.”

“ఖాళీ యాడిది? ప్రాక్టీసు పెట్టుకున్నం.”

“చామోర్షి పెండ్లి ఇడిసిపెట్టి ప్రాక్టీసా? దిమాక్ ఉన్నదా నీకు? ఏం ఇంజినీర్, నువ్వన్న చెప్పరాదు?”

“సలీం అన్నది నిజమే మాస్టర్” అన్నాను. “కొత్త పాట ఇంక కుదరలే మాకు.”

“కుదరలే అన్నది నిజమే” అని ఆయన పెట్టె తెరిచి, క్లారినెట్ ముక్కలు కలిపి, ఊదే చోట పెట్టే రెల్లు రీడును నోట్లో తడుపుకుంటూ కొడుకు వైపు చూశాడు. “ఇగ కూసో. నీ వల్లనే కుదుర్తలేదు అది.”

సలీం కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం వాయించినంత బాగా అతను వాయించగా నేను మళ్లీ వినలేదు.

మాస్టర్ ఇప్పటికీ వాయిస్తున్నాడు. నా చోటు ఖాళీగా ఉంది కాబట్టి మీ ఇద్దరిలో ఒకరు అక్కడే చేరతారు. రెండోవారిని కూడా ఆయన ఏదో ఒకటి చేసి ఉంచుకుంటాడు. ఆయనకు ఉర్దూ చదవడం వచ్చు, మరాఠీ కూడుకుని చదువుతాడు, తెలుగు మాట్లాడటం తప్ప అక్షరం రాదు. అందుకే ఈ సంగతి ఇక్కడ రాయగలిగాను. ఆ చామోర్షి పెళ్లికి ఎందుకు పోలేదని ఆయన ఇంకా అప్పుడప్పుడు అడుగుతుంటాడట. మిమ్మల్ని అడిగితే, తారీఖు కుదరలేదనే చెప్పండి.